విదేశాల్లో బుష్ పైలట్ ఉద్యోగానికి ఏం అర్హతలు కావాలి?

ఉప్పల్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, కాస్త కుదించి రాస్తున్నాను: “అన్నా, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చి ఏడాది దాటింది. మొత్తం ఎగిరింది 205 గంటలు. ఎయిర్‌లైన్స్ నుంచి పిలుపు లేదు. టైప్ రేటింగ్ (ఒక పెద్ద విమానం మోడల్ నడపడానికి చేసే శిక్షణ) కోసం మళ్ళీ అప్పు చేద్దామంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు. ఆఫ్రికాలో, అలాస్కాలో చిన్న విమానాలను మట్టి రన్‌వేల మీద దింపే బుష్ పైలట్ల వీడియోలు చూస్తున్నా. ఆ ఉద్యోగానికి ఏం అర్హతలు కావాలి? దానికంటూ ప్రత్యేకంగా సర్టిఫికెట్ ఏమైనా ఉందా?”

తమ్ముడూ, సూటిగా చెప్తాను. బుష్ పైలట్ అనే లైసెన్స్ ఎక్కడా లేదు. కావలసినవి ఐదు. నువ్వు వెళ్ళే దేశం ఒప్పుకునే సీపీఎల్, అక్కడ కమర్షియల్ పైలట్‌కి అడిగే మెడికల్ (చాలా దేశాల్లో క్లాస్ 1), ఇంగ్లీష్ ప్రొఫిషియెన్సీలో కనీసం లెవెల్ 4, ఆ దేశంలో పని చేసుకునే హక్కు, ఆపరేటర్ బీమా కంపెనీ ఒప్పుకునేన్ని గంటలు. మనవాళ్ళు ఎప్పుడూ మొదటి మూడింటి గురించే అడుగుతారు. ఉద్యోగం ఆగిపోయేది మాత్రం చివరి రెండింటి దగ్గరే.

నేను బోట్స్వానాలో మౌన్ అనే ఊళ్ళో మొదట సెస్నా 206 అనే ఆరు సీట్ల విమానం, ఆ తర్వాత దానికంటే పెద్దదైన కారవాన్ నడిపాను. ఇప్పుడు బోయిన్‌పల్లిలో ఉంటూ గ్రౌండ్ క్లాసులు చెప్తున్నాను. ఆఫ్రికా గురించి రాసేది చేసిన పని. కెనడా, ఆస్ట్రేలియా సంగతులు అక్కడ ఎగురుతున్న మా బ్యాచ్‌వాళ్ళ దగ్గర, అక్కడి నిబంధనల్లో తెలుసుకున్నవి.

ముందు నీ పాస్‌పోర్ట్ చూసుకో, తర్వాతే లైసెన్స్

సాధారణంగా జరిగేది తలకిందులు. ముందు ఎక్కడో లైసెన్స్ చేసేస్తారు, ఆ తర్వాత అక్కడ ఉద్యోగం చేయడానికి వీసా రాదని తెలుస్తుంది. నీలాగే వీడియోలు చూసి అలాస్కా అలాస్కా అనుకున్న కుర్రాళ్ళు నా క్లాసుకి ఏటా వస్తుంటారు. అలాస్కా మాట ముందు తేల్చేద్దాం. మన సీపీఎల్ చూపిస్తే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నేరుగా ఇచ్చేది ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ మాత్రమే. కమర్షియల్ కావాలంటే 250 గంటలు ఉండాలి, అక్కడ రాతపరీక్ష, చెక్‌రైడ్ (విమానం నడిపి చూపించే పరీక్ష) పాసవ్వాలి. అది అయినా సరే, చార్టర్ విమానాన్ని కెప్టెన్‌గా నడపడానికి, అదీ వీఎఫ్ఆర్ (మంచి వాతావరణంలో బయటకి చూస్తూ ఎగరడం) మాత్రమే అయినా, మొత్తం 500 గంటలు, అందులో 100 గంటలు క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగరడం), వాటిలో 25 రాత్రిపూట ఉండాలని వాళ్ళ పార్ట్ 135 నిబంధన. ఇవన్నీ డబ్బుతో, కష్టంతో సాధించవచ్చు. గ్రీన్‌కార్డు సాధించలేవు. అలాస్కాలో ఒక చిన్న ఆపరేటర్ ఇండియా నుంచి 200 గంటల పైలట్‌కి వీసా స్పాన్సర్ చేయడం నేను చూడలేదు, చేసినట్టు వినలేదు. దగ్గరి బంధువుల ద్వారా గ్రీన్‌కార్డు వచ్చే దారి ఉంటే తప్ప ఆ కలను పక్కన పెట్టెయ్.

కెనడా వేరు. అక్కడ ఉత్తరాన రోడ్లు లేని ఊళ్ళకి, చేపల లాడ్జిలకి, గనులకి చిన్న విమానాలే దిక్కు. విమానానికి ఎండాకాలం నీళ్ళ మీద తేలే ఫ్లోట్లు, చలికాలం మంచు మీద జారే స్కీలు. కొత్తవాడిని తెచ్చి నేరుగా సీట్లో కూర్చోబెట్టరు. ఒక సీజన్ పాటో, కొన్నిచోట్ల ఏడాది పాటో డాక్ (విమానాలు కట్టే రేవు) మీద పని చేయిస్తారు. విమానాన్ని తాళ్ళతో కట్టడం, ఇంధనం నింపడం, సామాను ఎక్కించడం, ఫ్లోట్ల లోపల చేరిన నీళ్ళు పంపుతో తోడడం. ఆ పని ఎలా చేస్తున్నాడో చూసి, మనిషి నచ్చితే అప్పుడు ఫ్లయింగ్ ఇస్తారు. సీపీఎల్ చేసినవాడు డాక్ మీద బస్తాలు మోయడమేంటని మన ఇళ్ళల్లో అనుకుంటారు. అక్కడ అందరూ మోసినవాళ్ళే, చీఫ్ పైలట్‌తో సహా. సీప్లేన్ రేటింగ్‌కి కెనడాలో కనీసం 7 గంటల శిక్షణ చాలు, కానీ ఆ 7 గంటలు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. 50 గంటల ఫ్లోట్ కోర్సులు అక్కడ ప్రత్యేకంగా అమ్ముడయ్యేది అందుకే. మనకు ఆచరణలో ఉన్న దారి స్టడీ పర్మిట్ మీద ఫ్లయింగ్ ప్రోగ్రామ్ ఉన్న కాలేజీలో చేరడం, తర్వాత వర్క్ పర్మిట్, ఆపైన పీఆర్. ఈ నిబంధనలు ఈ మధ్య తరచూ మారుతున్నాయి. ఫీజు కట్టేముందు ఆ కోర్సు చదివితే వర్క్ పర్మిట్ వస్తుందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నువ్వే స్వయంగా చూసుకో. కన్సల్టెన్సీ వాళ్ళ నోటిమాట మీద వెళ్ళకు.

ఆస్ట్రేలియాలో మనకి ఈ మధ్యే ఒక తలుపు తెరుచుకుంది, చాలామందికి తెలియదు. 2024లో ఇండియా వాళ్ళకి వర్క్ అండ్ హాలిడే వీసా మొదలైంది. సబ్‌క్లాస్ 462 అంటారు. 18 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసువాళ్ళకి, ఏటా 1,000 మందికి, లాటరీ పద్ధతిలో ఇస్తారు. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళ పైచదువు ఉండాలి. ఇంటర్ కాగానే నేరుగా ఫ్లయింగ్‌కి వెళ్ళిపోయిన పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు. దూరవిద్యలోనైనా డిగ్రీ చేసుకో అని నేను పోరుతూ ఉండటానికి ఒక కారణం ఇది. ఆ వీసా మీద మామూలుగా ఒక యజమాని దగ్గర 6 నెలలు మాత్రమే పనిచేయవచ్చు. ఉత్తర, పశ్చిమ ఆస్ట్రేలియాలో కనునర్రా, బ్రూమ్, డార్విన్ వైపు టూరిస్టు సీజన్ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నడుస్తుంది కాబట్టి ఆ 6 నెలలు ఒక సీజన్‌కి దాదాపు సరిపోతాయి. సెస్నా 206, 210, ఎయిర్‌వాన్ లాంటివి నడపాలి. లైసెన్స్ మార్పిడికి అక్కడి మెడికల్, ఎయిర్ లా, హ్యూమన్ ఫ్యాక్టర్స్ పరీక్షలు, ఫ్లైట్ టెస్ట్ ఉంటాయి. లాటరీలో పేరు రాకముందే వీటికి డబ్బు పెట్టకు.

ఇక ఆఫ్రికా. తక్కువ గంటలతో వెళ్ళినవాడికి అవకాశం ఉన్నది ఎక్కువగా ఇక్కడే, అందులోనూ మౌన్‌లో. కారణం భౌగోళికం. ఒకవాంగో నది సముద్రంలో కలవదు, ఎడారిలో పరుచుకుని ఇంకిపోతుంది. అంగోలా కొండల్లో పడ్డ వాన నెలల తరబడి ప్రయాణం చేసి, బోట్స్వానాలో చినుకు కూడా లేని జూన్, జులై, ఆగస్టుల్లో డెల్టాను ముంచుతుంది. అప్పుడే టూరిస్టుల సీజన్ కూడా. క్యాంపులకి పోయే దారులు నీళ్ళలో ఉంటాయి. దాంతో అతిథులు, కూరగాయలు, గ్యాస్ సిలిండర్లు, జనరేటర్ పార్టులు, సెలవు మీద ఇంటికెళ్ళే వంటవాళ్ళు, అన్నీ విమానంలోనే కదలాలి. రోజూ చిన్నచిన్న సెక్టార్లు (ఒక చోట లేచి ఇంకో చోట దిగడం) చాలా ఉంటాయి. అలా గంటలు పెరుగుతాయి, గంటలకన్నా వేగంగా ల్యాండింగులు పెరుగుతాయి.

మౌన్‌లో ఉద్యోగం ఈమెయిల్‌తో రావడం అరుదు. సీవీలు అక్కడి ఆపరేటర్లకి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తాయి, చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఏడాది మొదటి నెలల్లో, సీజన్ ఊపందుకోకముందు, కొత్తవాళ్ళకి లైన్ ట్రైనింగ్ (అసలు రూట్ల మీద పక్కన కూర్చుని నేర్పడం) ఇచ్చే వీలున్నప్పుడు మనిషి ఎదురుగా ఉంటే లెక్కలోకి వస్తాడు. నేను వెళ్ళినప్పుడు దక్షిణాఫ్రికా, యూరప్ కుర్రాళ్ళు క్యాంప్‌సైట్‌లో టెంట్లు వేసుకుని, పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని ఒక్కో ఆఫీసు తలుపూ తట్టేవాళ్ళు. నేనూ అదే చేశాను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. సందర్శకుడిగా వెళ్ళి మనుషుల్ని కలవడం వేరు, పని మొదలుపెట్టడం వేరు. వర్క్ పర్మిట్ కంపెనీయే పెట్టాలి. స్థానికులకి మొదటి ప్రాధాన్యం అనేది అక్కడి విధానం, ఆ దేశంలో పైలట్లు పెరిగేకొద్దీ మనలాంటివాళ్ళకి చోటు తగ్గుతుంది. అది న్యాయమే. పర్మిట్ వచ్చేదాకా ఎయిర్ లా పరీక్ష, చెక్ ఫ్లైట్ పనులు చూసుకుంటూ, జీతం లేకుండా నెలలు గడపగలిగేన్ని డబ్బులు దగ్గరుండాలి.

నమీబియాలో సెస్నా 210లు ఎక్కువ, విండ్‌హోక్‌లోని ఈరోస్ ఎయిర్‌పోర్టే కేంద్రం. అక్కడ పర్మిట్ ఇంకా కష్టం. కెన్యా, టాంజానియాల్లో కారవాన్లు బాగా ఉన్నాయి కానీ 200 గంటలవాడిని పట్టించుకోరు.

ఇండోనేషియా పపువా, పాపువా న్యూ గినీ అంటే కొండల మధ్య ఉండే స్ట్రిప్పులు, అంటే చిన్న రన్‌వేలు. ఫ్లయింగ్ పరంగా బహుశా ప్రపంచంలోనే కష్టమైనవి. ఇండోనేషియాలో విదేశీ పైలట్లను కారవాన్ కో-పైలట్లుగా తీసుకున్న రోజులు ఉన్నాయి. అయితే 2023 ఫిబ్రవరిలో ఏం జరిగిందో కూడా చదువు. పపువా కొండల్లో ఒక స్ట్రిప్ మీద దిగిన న్యూజిలాండ్ పైలట్‌ని తిరుగుబాటుదారులు విమానం తగలబెట్టి ఎత్తుకెళ్ళారు. 2024 సెప్టెంబర్‌లో గానీ వదల్లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా అటు వెళ్ళకు.

మాల్దీవులు మనకి దగ్గర. అక్కడ అంతా ట్విన్ ఆటర్ అనే రెండు ఇంజన్ల సీప్లేన్లు, 2024 నవంబర్‌లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర లేచి శ్రీశైలం వెళ్ళిన డెమో విమానం కూడా ఆ రకందే. కో-పైలట్ సీట్లు చాలావరకు స్థానికులకే పోతాయి. బయటివాళ్ళలో ఫ్లోట్ మీద అనుభవమున్న కెప్టెన్లని అడుగుతారు. అంటే అది మొదటి ఉద్యోగం కాదు, మూడోదో నాలుగోదో.

గంటలు ఎన్ని కావాలి?

చట్టం అడిగేది ఒకటి, బీమా కంపెనీ అడిగేది ఒకటి. 200 గంటలకే నువ్వు చట్టం ప్రకారం కమర్షియల్ పైలట్‌వి. కానీ ఆరు సీట్ల విమానానికి బీమా చేసే కంపెనీ, ఆ పాలసీలో పైలట్‌కి మొత్తం ఇన్ని గంటలు, అందులో పీఐసీగా (కెప్టెన్‌గా) ఇన్ని, ఆ మోడల్ మీద ఇన్ని ఉండాలని రాసిపెడుతుంది. చీఫ్ పైలట్‌కి నువ్వు ఎంత నచ్చినా ఆ గీత దాటలేడు. అందుకే ఏ ఆపరేటర్‌ని కలిసినా మొదటి ప్రశ్న ఇలా అడుగు: “మీ బీమా ప్రకారం 206 మీద కనీస గంటలు ఎన్ని?” ఈ ప్రశ్న అడిగినవాడికి పని గురించి తెలుసని వాళ్ళకి అర్థమవుతుంది. జవాబు ఆపరేటర్‌కీ ఆపరేటర్‌కీ మారుతుంది. 250 దగ్గర తీసుకునేవాళ్ళు ఉన్నారు, 500 లేనిదే మాట్లాడనివాళ్ళు ఉన్నారు.

నీ 205కి, ఆ 500కి మధ్య ఉన్న గ్యాప్ ఎలా పూడ్చాలి? అద్దెకి విమానం తీసుకుని గంటలు కొనుక్కోవడం ఇండియాలో దండగమారి పని. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ వైపు చూడు. మన ఫ్లయింగ్ స్కూళ్ళలో ఇన్‌స్ట్రక్టర్ల కొరత ఎప్పుడూ ఉంటుంది. కంగారుపడే స్టూడెంట్ పక్కన కూర్చుని రోజుకి ఇరవై ల్యాండింగులు చూసినవాడికి చేతులు వేరేగా తయారవుతాయి. మౌన్‌లో మా చీఫ్ పైలట్ సీవీలో ఇన్‌స్ట్రక్టర్ అనే పదం కనిపిస్తే ఆగి చదివేవాడు.

కాగితం మీద రాని అర్హత

ఇదే అసలు విషయం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది, వేడి. మౌన్ ఎయిర్‌పోర్ట్ సముద్రమట్టానికి దాదాపు 3,100 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. అక్టోబర్ మధ్యాహ్నం 35 డిగ్రీలు ఉందనుకో, తేడా 26. డిగ్రీకి 120 అడుగుల లెక్కన మరో 3,100 అడుగులు కలుపు. అంటే నీ విమానం 6,200 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. రెక్కలకి పట్టు తక్కువ, ప్రొపెల్లర్‌కి పట్టు తక్కువ, ఇంజన్‌కి ఊపిరి తక్కువ. ఇదే లెక్క మన బేగంపేటకి వేసి చూడు. ఎత్తు 1,742 అడుగులు, మే నెలలో 42 డిగ్రీలు. డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే విమానానికి అనిపించే ఎత్తు, 5,400 అడుగుల దాకా వస్తుంది. అంటే ఎండాకాలం హైదరాబాద్‌లో ఎగిరినవాడు ఆఫ్రికా వేడిని సగం చూసినట్టే. తేడా ఏంటంటే ఇక్కడ ముందు పొడవాటి తారు రన్‌వే ఉంది, సీట్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. అక్కడ మెత్తటి ఇసుక, చివర చెట్లు, వెనక నలుగురు మనుషులు, వాళ్ళ కెమెరా పెట్టెలు. ఇంటర్వ్యూలో ఈ లెక్క నోటితో చేయమంటారు. ఫోన్ తీశావో అయిపోయింది.

రెండోది, బరువు. టూరిస్టులకి 20 కిలోలు, మెత్తటి సంచుల్లో మాత్రమే అని ముందే చెప్తారు, ఎందుకంటే గట్టి సూట్‌కేసు విమానం పొట్టకింద ఉండే పాడ్‌లో పట్టదు. అయినా గట్టి సూట్‌కేసులే వస్తాయి. అతిథి తన బరువు 80 అంటాడు, కాటా మీద నిలబెడితే 97. అలాంటప్పుడు మొహం చిన్నబుచ్చకుండా, నవ్వుతూనే, ఒక సంచి తర్వాతి విమానంలో వస్తుందని ఒప్పించగలగాలి. ఇది పైలట్ పనేనా అంటే, బుష్‌లో లోడరూ నువ్వే, డిస్పాచరూ నువ్వే, పీపాలోంచి ఇంధనం ఫిల్టర్ పట్టి పోసేదీ నువ్వే, అద్దం తుడిచేదీ నువ్వే.

మూడోది, వేగం మీద పట్టు. అప్రోచ్‌లో వేగం 10 శాతం ఎక్కువైతే ల్యాండింగ్ దూరం సుమారు 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 65 నాట్లతో రావాల్సిన చోట 71తో వస్తే బేగంపేటలో ఎవరూ గమనించరు. 700 మీటర్ల ఇసుక స్ట్రిప్ మీద అందరూ గమనిస్తారు. నా చెక్ ఫ్లైట్‌లో పరీక్షించినది దాదాపుగా ఈ ఒక్కటే. స్ట్రిప్ అంచున తెల్లరంగు వేసిన టైర్లు ఉంటాయి, రెండో టైరు దాటేలోపు చక్రాలు నేలని తాకాలి, లేకపోతే గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవడం. అందంగా దింపావా లేదా అని అడగలేదు.

నాలుగోది, దిగేముందు ఆలోచన. స్ట్రిప్ మీద ఏనుగులు ఉండొచ్చు, జింకలు ఉండొచ్చు. ముందు ఒకసారి తక్కువ ఎత్తులో ఎగిరి చూసి, జంతువులు పక్కకి పోయాక తిరిగొచ్చి దిగుతాం. జింకలు పోతాయి. ఏనుగుకి తోచినప్పుడు పోతుంది, అప్పటిదాకా చుట్టూ తిరుగుతూ ఇంధనం లెక్కపెట్టుకోవాలి. కొండ దేశాల్లో కథ ఇంకా గట్టిది. నేపాల్‌లో లుక్లా సంగతి విన్నావుగా. 527 మీటర్ల రన్‌వే, 11.7 శాతం వాలు, ఒక చివర కొండగోడ, ఇంకో చివర లోయ. ఎత్తు వైపుకి దిగాలి, లోయ వైపుకి లేవాలి. అలాంటిచోట ఒక పాయింట్ దాటాక గో-అరౌండ్ అనేదే ఉండదు. ఆ పాయింట్ ఎక్కడో నేల మీద ఉన్నప్పుడే నిర్ణయించుకుని గాల్లోకి వెళ్ళాలి.

ఐదోది, ఎయిర్‌క్రాఫ్ట్ లోతుపాతులు. ఒక్క ఉదాహరణ చెప్తాను. 206లో ముందు ఎడమవైపు పైలట్ తలుపు ఒక్కటే. ప్రయాణికులు కుడివైపు వెనక ఉండే రెండు భాగాల తలుపులోంచి దిగుతారు. విమానం రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ కిందికి ఉంటే ఆ తలుపు ముందు భాగం ఫ్లాప్‌కి తగులుకుని పూర్తిగా తెరుచుకోదు. మామూలు రోజుల్లో అది చిరాకు. విమానం బోల్తాపడినప్పుడో, నీళ్ళలో పడ్డప్పుడో అదే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దిగాక ఫ్లాప్స్ పైకి తీయడం అలవాటు కావాలి. ఎక్కేముందు ప్రయాణికులకి తలుపు వెనక భాగం లోపలి పిడి ఎలా తిప్పాలో చేత్తో పట్టించి చూపించాలి, నోటితో చెప్పి వదిలేయకూడదు. ఇంటర్వ్యూకి వెళ్ళేముందు నువ్వు నడపబోయే విమానం గురించి ఇలాంటివి నాలుగు తెలుసుకో. నీకు 206 గంటలు లేకపోయినా మాట్లాడే తీరు మారిపోతుంది.

ఏ కోర్సుకి డబ్బు పెట్టాలి, దేనికి వద్దు

టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉండే విమానాల) ట్రైనింగ్ గురించి చాలామంది అడుగుతారు. అలాస్కాలో, బీవర్, పిలాటస్ పోర్టర్ లాంటి విమానాలు నడిచేచోట అది కావాలి. మౌన్‌లో అన్నీ ముక్కు చక్రం ఉన్నవే, అక్కడ దానికి విలువ లేదు. సరదా అయితే చేసుకో. అమెరికాలో వారం రోజుల బుష్ ఫ్లయింగ్, మౌంటెన్ ఫ్లయింగ్ కోర్సులు ఉన్నాయి. నేర్పేది మంచి విద్యే. దాని సర్టిఫికెట్ చూసి మాత్రం ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మల్టీ ఇంజన్, ఇన్‌స్ట్రుమెంట్ (బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే) రేటింగులు నీ దగ్గరుంటే కాపాడుకో. బుష్‌లో పగటి వీఎఫ్ఆరే ఎక్కువ, కానీ రెండేళ్ళ తర్వాత ట్విన్ ఆటర్‌కో, ఎయిర్‌లైన్‌కో మారాలనుకున్నప్పుడు అవే అక్కరకొస్తాయి. ఇంగ్లీష్ లెవెల్ 4 అయితే మూడేళ్ళకి మళ్ళీ పరీక్ష, 6 అయితే జీవితాంతం. కొంచెం కష్టపడి 5కో 6కో వెళ్ళు.

చేతిపని వచ్చి ఉంటే చాలా ఉపయోగం. టైరు మార్చడం, ప్లగ్గులు శుభ్రం చేయడం, ఆయిల్‌లో లోహపు పొడి ఉందా అని చూడటం. మిషనరీ విమాన సంస్థలైతే చాలాచోట్ల పైలట్‌కి మెకానిక్ లైసెన్స్ కూడా అడుగుతాయి. జీతం బదులు మనమే దాతలని వెతుక్కోవాల్సి ఉంటుంది కాబట్టి ఆ దారి అందరికీ కుదరదు.

ఆరోగ్యం సంగతి

ఎల్లో ఫీవర్ టీకా మన నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. నువ్వు వెళ్ళే దేశానికి అవసరం లేకపోయినా నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్తే అడగవచ్చు. తిరుగు ప్రయాణంలో ఆ కార్డు లేకపోతే ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టే నిబంధన ఉంది. మలేరియా మాత్రలు మాత్రం మామూలు డాక్టర్‌ని అడిగి తెచ్చుకోకు, ఏవియేషన్ మెడికల్ ఎగ్జామినర్‌ని అడుగు. మెఫ్లోక్విన్ అనే మందు మనసు మీద, బ్యాలెన్స్ మీద ప్రభావం చూపుతుంది కాబట్టి పైలట్లు వాడకూడదు. మందులషాపు అతనికి ఆ సంగతి తెలియదు.

డబ్బు, ఏజెంట్లు

సీపీఎల్‌కి ఇప్పటికే 50 లక్షలకి అటూ ఇటూ పెట్టి ఉంటావు. బుష్ జీతంతో ఆ ఈఎంఐ తీర్చేద్దామనే లెక్క వేసుకోకు. మొదటి ఏడాది జీతం తిండికీ అద్దెకీ సరిపోతే అదృష్టం. నా క్లాసుకి వచ్చిన ఒక కుర్రాడు “ఆఫ్రికాలో బుష్ పైలట్ జాబ్ గ్యారంటీ” అన్న ఒక ఏజెంటుకి లక్షల్లో కట్టాడు. చేతికొచ్చిన ఆఫర్ లెటర్‌లో విమానం రిజిస్ట్రేషన్ రాశారు. ఆ అక్షరాలు ఏ దేశానివో చూస్తే కంపెనీ ఉందన్న దేశానివి కావు. ఆఫర్ లెటర్ వస్తే నువ్వు చేయాల్సింది ఒకటే, ఆ కంపెనీకి ఆ దేశ ఏవియేషన్ అథారిటీ ఇచ్చిన ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ ఉందేమో ఆ అథారిటీకే రాసి కనుక్కో. ఉద్యోగం ఇప్పిస్తామని పైలట్ దగ్గర డబ్బు అడిగేవాడు ఎవడైనా సరే, అక్కడితో మాట ఆపెయ్.

తిరిగొస్తే ఈ గంటలు పనికొస్తాయా?

వస్తాయి, కాగితాలు సరిగ్గా ఉంటే. ఇండియాలో ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి ఉండాల్సిన లైసెన్స్) కావలసిన 1,500 గంటల్లో బుష్ గంటలు కలుస్తాయి. కానీ ప్రతి నెలా లాగ్‌బుక్ పేజీ మీద చీఫ్ పైలట్ సంతకం, కంపెనీ ముద్ర వేయించుకో. ఉద్యోగం వదిలే రోజు మొత్తం గంటలు, పీఐసీ గంటలు, రాత్రి గంటలు విడివిడిగా రాసిన సర్టిఫికెట్ తీసుకో. చిన్న కంపెనీలు మూతపడతాయి, చేతులు మారతాయి. రెండేళ్ళ తర్వాత సంతకం కోసం వెతికితే మనిషి దొరకడు. రాత్రి గంటలు బుష్‌లో దాదాపు పెరగవు, వాటిని ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నప్పుడే వీలైనన్ని చేసుకుని వెళ్ళు. ఇక్కడి లైసెన్స్ రెన్యువల్, మెడికల్ తేదీలు దాటిపోకుండా చూసుకో. దాటితే తిరిగొచ్చాక మళ్ళీ చెక్‌లు, మళ్ళీ ఖర్చు.

నీ విషయంలో నేనైతే ఈ ఏడాది ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి, గంటలు 400 దాటాక, జనవరిలోనో ఫిబ్రవరిలోనో మౌన్ వెళ్ళి తలుపులు తడతాను. మధ్యలో ఆస్ట్రేలియా లాటరీ తెరిచినప్పుడల్లా పేరు ఇచ్చి ఉంచుతాను, దాని ఫీజు పెద్దదేం కాదు. నీ వయసెంత, డిగ్రీ ఏమైనా ఉందా, 205లో పీఐసీ ఎంత, మల్టీ ఇంజన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగులు చేశావా లేదా, ఇవి నాలుగూ కింద రాయి. చూసి నీకు ఏ దేశం కుదురుతుందో చెప్తాను.